మానమన్నారు, మాన్పించే చెయ్యేది?
సికింద్రాబాద్ వాడల్లో తాగుడు, సేవ, ఆరోగ్య హక్కు

మా చిన్నప్పుడు వాడలో ఒక పెద్దమనిషి సారా మానుతానని పోచమ్మ గుడి ముందర ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి రోజు చేతులు వణికాయి. మూడో రోజు గోడ మీద లేని పురుగుల్ని దులపడం మొదలుపెట్టాడు. 'గాలి సోకింది' అన్నరు కొందరు, 'తాగుబోతుకు తగిన శాస్తి' అన్నరు ఇంకొందరు. పక్కింటి మంత్రసాని అవ్వ ఒక్కతే రెండు రాత్రులు తల దగ్గర కూర్చుని గంజి పట్టింది. మా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కింది మేమే. అక్కడ పుస్తకాలు తిరగేసినాకనే అది గాలి కాదని మాకు తెలిసింది. ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు ఒక్కసారిగా మానితే వచ్చే జబ్బు అది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు.

దళితుల తాగుడు గురించి తీర్పులు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు తాగబోసిందెవరు, మానినప్పుడు పట్టుకున్నదెవరు అన్న ప్రశ్నలు మాత్రం చరిత్రలో తక్కువ. ఈ వ్యాసంలో మేము ఆ రెండు ప్రశ్నలే అడుగుతున్నాం.

దండు కోసం వైద్యం, ఖజానా కోసం సారా

1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన ఈ ఊరు మొదటినుంచీ దండు ఊరే. బంగళా పనికీ, గుర్రాల సాకకానికీ, తోలుపనికీ, పాకీపనికీ, రైల్వే కూలికీ మాల మాదిగలు, తమిళ ఆదిద్రావిడులు వచ్చి చేరారు. వైద్యం కూడా దండు కోసమే ముందు వచ్చింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఇక్కడి బేగంపేటలోనే. ఆ దోమలకు తన ఒళ్లప్పగించిన రోగి హుసేన్ ఖాన్. అతనికి దక్కింది దోమకు ఒక అణా. నోబెల్ బహుమతి రాస్‌కు వచ్చింది. శరీరం ఒకరిది, శాస్త్రం ఇంకొకరిది అయ్యే పద్ధతి అప్పటిదే.

ఇంకోవైపు ఆబ్కారీ. భూమిశిస్తుతో పాటు నిజాం ఖజానాకు పెద్ద దిక్కు కల్లు, సారా మీది రాబడే. కూలి చేతికందిన సాయంత్రమే అది కల్లు కాంపౌండుకు చేరేది. తాగుడు ఒకరి 'అలవాటు'గా కనిపిస్తున్నా, దాని వెనక ఒక రాజ్యం లెక్క ఉంది.

ఘాస్‌మండీ నుంచి వచ్చిన మాట

ఈ సంగతి మొదట గుర్తించింది మనవాళ్లే. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ హరికథలతో వాడలు తిరుగుతూ, పెండ్లిళ్లలో సారా వద్దని చెప్పాడు. సికింద్రాబాద్‌లో అరిగె రామస్వామి తాగుడు, జంతుబలి, జోగిని ఆచారం మూడింటినీ కలిపి ఎదిరించాడు. ఆ తరం పోరాటాన్ని పి.ఆర్. వెంకటస్వామి 1955లో గ్రంథస్థం చేయబట్టే మనకు ఇంత తెలిసింది.

అగ్రవర్ణ సంస్కర్తల మద్యనిషేధ ప్రచారానికీ దీనికీ తేడా ఉంది. వాళ్లకది పాపం సంగతి. మనవాళ్లకది ఆత్మగౌరవం సంగతి, పిల్లల ఫీజు సంగతి. అయినా ఒక లోటు మనం ఒప్పుకోవాలె. ఒట్టు పెట్టించిన ఉద్యమం దగ్గర, ఒట్టు పెట్టుకున్న మనిషి మూడో రోజు వణుకుతుంటే ఇవ్వడానికి మందు లేదు. అది వాళ్ల తప్పు కాదు. దవాఖాన వాళ్ల చేతుల్లో లేదు. ఆ భారం మళ్లీ ఆడవాళ్ల మీదే పడింది. పుట్టిన బిడ్డ బొడ్డు కోసే పనిని మైల పని అని ఊరు ఎవరికి వదిలేసిందో, ఆ చేతులే ఈ సేవా చేశాయి. దాన్ని ఎవరూ నర్సింగ్ అనలేదు.

నిషేధం వచ్చింది, వైద్యం రాలేదు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన కూలి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా పేరు చెప్పి మద్యనిషేధం ఎత్తేశారు. ఆడవాళ్ల గెలుపు రెండేండ్లకే ఆదాయపు పద్దు కింద కొట్టుకుపోయింది.

రాజ్యాంగం 47వ అధికరణం చదవండి. పోషకాహారం, ప్రజారోగ్యం, మద్యనిషేధం మూడూ ఒకే చోట ఉన్నాయి. ప్రభుత్వాలు మూడోదాన్ని ఒకసారి పెట్టి, ఒకసారి తీసి, మొదటి రెండింటినీ మరిచాయి.

దీని ఫలితం 2015 సెప్టెంబర్‌లో కనిపించింది. తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగాయి. కల్లులో కలిపే అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆగేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో దవాఖానలకు చేరారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ దవాఖానకూ రోగులు వచ్చారు. మా వాడ పెద్దమనిషికి జరిగిందే ఇప్పుడు జిల్లాలకు జిల్లాలకు జరిగింది. కల్లు గీసే గౌండ్లాయన్ని దోషిని చేస్తే సరిపోదు. అతనూ బహుజనుడే, చెట్టు నుంచి దించేది మత్తుమందు కాదు. ఆ పొడిని తెచ్చి కలిపి అమ్మే వ్యాపారం వేరే ఉంది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మళ్లీ మనుషులు చనిపోయారు.

మేము అడిగేది

బస్తీ దవాఖానలు 2018 నుంచి వచ్చాయి. ఒక డాక్టరు, ఒక నర్సు ఉండే ఆ చిన్న గదే ఈ వైద్యానికి సరైన చోటు. మానదలచినవాణ్ని ముందే గుర్తించాలె. రోజూ చూసి, వణుకు తగ్గించే మందు మోతాదు మెల్లగా దించాలె, విటమిన్ బి1 ఇయ్యాలె, ఫిట్స్ వస్తే పెద్ద దవాఖానకు పంపాలె. ఆ తర్వాత నెలల తరబడి ఇంటికి పోయి పలకరించాలె. ఈ పనికి శిక్షణ, మందులు, మనుషులు కావాలె. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు ప్రోత్సాహకం కాదు, జీతం కావాలె. లేకుంటే మంత్రసాని అవ్వ వెట్టినే కొత్త పేరుతో నడిపించినట్టు.

తాగుడును నీతి సమస్య అన్నంతకాలం నేరం మనదే అవుతుంది. ఆరోగ్య సమస్య అన్న రోజు బాకీ రాజ్యానిదని తేలుతుంది. ఆ రెండు రాత్రులు అవ్వ తల దగ్గర కూర్చున్న మనిషి బతికాడు. ఆమె పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు. చదువుకున్న మన పిల్లలు ముందు తమ వాడల్లో అట్లాంటి అవ్వల పేర్లు రాసిపెట్టాలె. మన ఆరోగ్య చరిత్ర అక్కడ మొదలవుతుంది.