తెలుగునాట క్రైస్తవ సంఘము: మూడు మలుపులు

క్రైస్తవ సంఘ చరిత్రలోని గొప్ప మలుపులను ఎన్నునపుడు చరిత్రకారులు మూడింటిని తప్పక చెప్పుదురు. 313లో రోమక సామ్రాజ్యమున ఆ మతమునకు స్వేచ్ఛ లభించుట, 1054లో తూర్పు పడమటి సంఘములు వేరుపడుట, 1517లో జర్మనీయందు మార్టిన్ లూథరు సంస్కరణము నారంభించుట. వీని యన్నిటి యడుగున ఒక ప్రశ్న కలదు. సంఘము ప్రభువులదా, గురువులదా, సామాన్య జనులదా? తెలుగునాటను ఆ ప్రశ్నయే వేరు రూపములలో తలయెత్తినది.

మొదటి మలుపు భాషకు సంబంధించినది. 18వ శతాబ్దమున షుల్జ్ అను జర్మను మిషనరీ బైబిలును తెనిగించినను అది అచ్చుకెక్కలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెగ్రాంజీలు ఆనందరాయరు అను బ్రాహ్మణుని సాయముతో ఆ పనిని మరల చేపట్టిరి. వారిరువురును గతించిన పిమ్మట, 1812లో శ్రీరాంపురమున మూడు సువార్తలు తెలుగున ముద్రితములైనవి. గ్రంథము తెలుగైనందున, అక్షరము రాని వానికిని చదివి వినిపించు వీలు కలిగినది.

రెండవ మలుపునకు గోదావరి సీమ సాక్షి. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు కొలదికాలమునకే మొగల్తూరునకు పొరుగుననున్న నరసాపురమును కార్యస్థానముగా చేసికొనిరి. తొలినాళ్లలో సంఘమున చేరినవారు కొద్దిమందియే. 1847-1852 నడుమ కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించుచుండగా వేలకొలది కూలీలు అచట గుమిగూడిరి. బౌడెన్ వారి నడుమకు పోయి బోధించెను. విన్నవారు ఆ మాటను తమ పేటలకు కొనిపోయిరి. నాటినుండి సంఘమునకు ప్రధాన బలము ఊరిచివరి మాల మాదిగలైరి. 1876-78 నాటి కరవు పిదప ఒంగోలు ప్రాంతమున 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పొట్టకూటికై చేరిరని కొందరాక్షేపించిరి. కాని కరవుకాలమున బాప్తిస్మములను జాన్ క్లౌ నిలిపివేసి యుండెనను సంగతి మరువరాదు. తిండి యొక్కటియే కాదు, మనిషిగా మన్నన పొందవలెనను ఆకలియు వారికుండెను.

మూడవది నాయకత్వపు మలుపు. 1912లో తిరునల్వేలి సీమవాడగు వి. ఎస్. అజరయ్య దోర్నకలునకు బిషప్పయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడతడే. 1927లో ఆంధ్ర లూథరను సంఘమును, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమును ఏర్పడినవి. పగ్గములు క్రమముగా స్వదేశీయుల చేతికి వచ్చినవి.

అయినను కథ ముగియలేదు. ఏ కులబాధను తప్పించుకొన జనులు సంఘమున చేరిరో, ఆ కులము వారి వెంటనే గుడిలోనికిని నడచివచ్చినది. మాల మాదిగల నడుమ ఎడము పలుచోట్ల నిలిచియే యున్నది. వెలుపల మరియొక చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును దానిని విస్తరింపజేసిరి గాని క్రైస్తవులకు విస్తరింపలేదు. మతము మారినను వాడలో వాని యిల్లు మారలేదు.

పుస్తకము తెలుగైనది, పీఠము స్వదేశీయమైనది. ఊరిచివర నుండి వచ్చినవానికి పంక్తిలో సమానమైన చోటు దొరకినపుడే నాల్గవ మలుపు తిరిగినట్లు.