వాతామ తైలం: శాస్త్రం ఆదరించిన అతిథి

బాదం నూనెను గూర్చి "వేదకాలం నాటి దివ్యౌషధం" అనే ప్రచారం నేడు విరివిగా వినబడుతున్నది. శ్రద్ధ గలవారు దానిని సులభంగా నమ్ముతారు. కానీ శ్రద్ధకు సత్యమే ఆధారం. ఏది వేదంలో ఉన్నదో, ఏది పిమ్మట వచ్చి చేరినదో తెలిసికొనుట వలన శాస్త్ర గౌరవానికి లోపం రాదు, పైగా ఆ గౌరవం ఇనుమడిస్తుంది.

చమకంలోని నాలుగవ అనువాకాన్ని నిత్యం పఠించేవారికి అందలి ధాన్యాల వరుస కంఠస్థమే. వ్రీహులు, యవలు, మాషములు, తిలలు, ముద్గలు, గోధుమలు అందులో ప్రార్థింపబడినవి. నూనెనిచ్చే గింజలలో అక్కడ స్థానం పొందినది తిల. బాదం ప్రస్తావన వేద సంహితలలో లేదు. భాష కూడా ఇదే సాక్ష్యం చెబుతున్నది. తిలల నుండి పుట్టినది గనుక 'తైలం' అయినది. తెలుగులోని 'నూనె' సైతం నువ్వు, నెయ్యి అను రెండు మాటల కలయికయే. ఆముదమైనా, కొబ్బరియైనా, బాదమైనా, దాని స్నేహాన్ని నూనె అని పిలిచిన ప్రతిసారీ తెలియకుండానే నువ్వును స్మరిస్తున్నాము.

బాదం మొదట స్పష్టంగా కనబడేది ఆయుర్వేద సంహితలలో. చరక సంహిత సూత్రస్థానంలో ఆహార ద్రవ్యాలను వివరించే ఇరువది ఏడవ అధ్యాయంలో, ఫలవర్గమున, అక్షోటము (అక్రోటు) మొదలగు వాటి సరసన 'వాతామము' పేర్కొనబడినది. ఇవి గురువులు, ఉష్ణములు, స్నిగ్ధములు, మధురములు; బలాన్నిస్తాయి, వాతాన్ని శమింపజేస్తాయి, కఫపిత్తాలను పెంచుతాయి అని అక్కడి నిర్ణయం. ఈ ఫలాలు వాయవ్య దిశలోని శీతల పర్వత ప్రాంతాలవి. 'వాతామ' శబ్దం కూడా ఆ దిక్కు నుండే వచ్చినదని, ప్రాచీన పారశీకుల 'వాదామ్' అను మాటకు ఇది బంధువని భాషావేత్తల అభిప్రాయం. నేటి 'బాదం' ఆ మాటకే తరువాతి రూపం. అన్యదేశపు ఫలమని ఆచార్యులు దానిని త్రోసిపుచ్చలేదు. రస, గుణ, వీర్య, విపాకములనే కొలమానంతో పరీక్షించి, తగిన స్థానంలో నిలిపినారు.

ఇక్కడ గమనింపదగిన విశేషం మరొకటి ఉన్నది. అదే సూత్రస్థానంలోని పదమూడవ అధ్యాయం స్నేహాలను గూర్చినది. వృక్షసంబంధమైన నూనెలకు మూలాలుగా అక్కడ తిల, ఏరండ, సర్షప, అతసీ, అక్షోటాదులు లెక్కింపబడినవి. ఆ పట్టికలో వాతామం లేదు. అనగా ఆనాటికి బాదం బలకరమైన ఆహారమే గాని, ప్రసిద్ధమైన తైలద్రవ్యం కాదు. బలానికి, స్నేహనానికి తిలతైలమే శ్రేష్ఠమని ఆ అధ్యాయం నిర్ణయించినది. ముఖకాంతికై వాడే కుంకుమాది తైలం, కేశాలకై వాడే భృంగరాజ తైలం సంప్రదాయంలో తిలతైలంతోనే పక్వం చేయబడతాయి.

పదహారవ శతాబ్దికి చెందిన భావమిశ్రుని భావప్రకాశంలో బాదం 'వాతాదము'గా దర్శనమిస్తుంది. వాతవైరి, నేత్రోపమఫలం అని దానికి మరి రెండు పేర్లు. మొదటి పేరు గుణాన్ని, రెండవది కన్నును పోలిన ఆకారాన్ని తెలుపుతున్నవి. పరదేశి శబ్దం ఈ విధంగా సంస్కృతంలో అర్థవంతమైన నామమైనది. అయితే భావమిశ్రుడు కేవలం స్తుతించి ఊరకొనలేదు. రక్తపిత్త వ్యాధి గలవారికి, అనగా రక్తస్రావ దోషం గలవారికి, ఇది హితం కాదని హెచ్చరించినాడు.

బాదం నుండి నూనె తీసి వైద్యానికి వాడిన చరిత్ర ప్రధానంగా పశ్చిమ దేశాలది. క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ చేదు బాదం నూనెను తీసే పద్ధతిని వ్రాసినాడు. తేనె మొదలైన వాటితో కలిపి పూస్తే ముఖంపై మచ్చలు పోతాయని చెప్పినాడు. 2వ శతాబ్దిలో గేలన్ మైనంతో, నూనెతో చేసిన శీతలేపనానికి, తరువాతి యూరప్ వైద్యులు బాదం నూనెనే వాడసాగినారు. ఇబ్న్ సీనా (980–1037) తీపి, చేదు బాదములను వేరువేరుగా విచారించినాడు. ఈ పరంపరయే యునానీ వైద్యంగా భారతదేశానికి వచ్చినది. హకీములు 'రోగన్ బాదామ్ షీరీన్' అను తీపి బాదం నూనెను మలబద్ధానికి పాలతో త్రాగించేవారు. నిద్రలేమికి, తలలోని రూక్షతకు మాడున మర్దింపజేసేవారు. తెలుగు నేలపై నిజాం పాలకులు యునానీని పోషించినందువలన హైదరాబాదులో ఈ సంప్రదాయం స్థిరపడినది.

రెండు వైద్యాల దారులు వేరైనా తాత్పర్యం ఒక్కటే. వాతం ప్రకోపిస్తే శరీరం రూక్షమవుతుంది. రూక్షతకు స్నేహమే చికిత్స. బాదం పప్పు బరువులో దాదాపు సగం నూనెయే. అది పలుచనై, చర్మంపై సులభంగా వ్యాపించి మృదుత్వాన్నిస్తుంది. నిత్యాభ్యంగం జరను, శ్రమను, వాతాన్ని హరిస్తుందని, శిరస్సుకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేయవలెనని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో విధించినాడు. కఫం ప్రకోపించినవారికి, అజీర్ణం గలవారికి ఆయనే నిషేధించినాడు. ఏ నూనె వాడినా ఈ వివేకం తప్పదు.

మరి రెండు జాగ్రత్తలు అవసరం. తెలుగు గ్రామాలలో బాదం చెట్టు అని పిలిచేది, ఆకులతో విస్తళ్ళు కుట్టేది, నిజమైన వాతామం కాదు. అది కరక్కాయ, తాండ్ర చెట్ల జాతికి చెందినది. అసలు బాదం కాశ్మీరం వంటి శీతల ప్రదేశాలలో పండుతుంది. ఇక చేదు బాదంలో అమిగ్డలిన్ అను పదార్థం ఉన్నది. ఆ పప్పు నలిగి నీరు తగిలితే దాని నుండి హైడ్రోసయానిక్ ఆమ్లమనే తీవ్రవిషం పుడుతుంది. కావున చేదు బాదంతో ఇంటి వైద్యం తగదు.

నరక చతుర్దశి నాడు, ఉగాది నాడు చేసే అభ్యంగనానికి సంప్రదాయసిద్ధమైనది తిలతైలమే. ఆ స్థానాన్ని బాదం నూనెకు ఈయవలసిన పనిలేదు. నిత్యజీవనంలో దాని ఉపయోగాన్ని కాదనవలసిన పనీ లేదు. అతిథిని అతిథిగా ఆదరించుట ధర్మం. అతిథికి లేని వంశవృక్షం కల్పించుట మాత్రం సత్యదోషం. పూర్వాచార్యులు వాతామానికి గుణాన్ని బట్టి చోటిచ్చినారు, ప్రాచీనతను బట్టి కాదు. గుణదోషాలను రెండింటినీ చెప్పిన వారి నిష్పక్షపాత దృష్టియే జిజ్ఞాసువులకు అనుసరణీయం.

సర్వే జనాః సుఖినో భవంతు.