ఒకే గేటులోంచి రెండు రకాల బండ్లు

మా నాయనది హోసూరులో చిన్న మెకానిక్ షెడ్డు. సెలవు రోజుల్లో నేనూ పోయి స్పానర్లు అందిస్తుంటాను. మొన్న వేసవిలో ఒకే రోజు రెండు టొయోటా బండ్లు వచ్చినాయి. ఒకటి ఫార్చ్యూనర్, పెద్ద డీజిల్ బండి. ఇంకొకటి ఇన్నోవా హైక్రాస్, పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ, మోటారు ఉండే హైబ్రిడ్. రెండూ బెంగుళూరు దగ్గర బిడది ఫ్యాక్టరీలో తయారయ్యేవే. నాయన చేతులు తుడుచుకుంటూ, "ఒకే కంపెనీ పెట్రోలు మిగిల్చే బండీ చేస్తుంది, డీజిలు తాగే బండీ చేస్తుంది. వీళ్ళకి ఏది కావాలంట రా?" అన్నాడు. నాకు జవాబు తెలియలేదు. స్కూలు తెరిచినాక మా సాంఘిక శాస్త్రం సారుని అడిగితే, "దీని వెనక యాభై ఏళ్ళ చరిత్ర ఉంది, చదివి రాయి" అన్నారు. అదే ఈ వ్యాసం.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్‌కు సాయం చేసిందని అరబ్బు దేశాలు అమెరికాకు చమురు అమ్మడం ఆపేశాయి. కొద్ది నెలల్లోనే చమురు ధర దాదాపు 4 రెట్లయింది. బంకుల ముందు కార్లు బారులు తీరాయి. అప్పుడు, 1975లో, అమెరికా ఒక చట్టం చేసింది. ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజి 1985 నాటికి గ్యాలనుకు 27.5 మైళ్ళు ఉండాలి. మన లెక్కలో లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లు.

ఇందులో "సగటు" అనే మాటే కీలకం. క్లాసులో ఒకరికి 90 మార్కులు, ఇంకొకరికి 30 వస్తే సగటు 60. క్లాసు సగటు మాత్రమే చూస్తే 30 వచ్చినవాడు కూడా గట్టెక్కినట్టే. చట్టం ప్రతి కారూ పాసు కావాలని అడగలేదు.

ఇంకో సందు కూడా ఉంది. రైతులు, పనివాళ్ళు వాడే చిన్న ట్రక్కులకు వేరే, తేలికైన లెక్క పెట్టారు. కంపెనీలు ఆ ట్రక్కుల ఛాసీ మీదనే సోఫాల వంటి సీట్లు వేసి ఎస్‌యూవీలు అమ్మసాగాయి. 1990లలో పెట్రోలు చవక, పెద్ద బండి మీద లాభం చిన్న కారు కంటే చాలా ఎక్కువ. 2002లో జనరల్ మోటార్స్ తెచ్చిన హమ్మర్ హెచ్2 నిండు బరువు 8,500 పౌండ్లు దాటింది కాబట్టి, అది మైలేజి లెక్కలోకే రాలేదు!

విచిత్రం ఏమంటే, అదే కంపెనీ 1996లో ఈవీ1 అనే కరెంటు కారు కూడా చేసింది. దానికి ముందు 1990లో కాలిఫోర్నియా రాష్ట్రం, పెద్ద కంపెనీలు అమ్మే కార్లలో 1998 నాటికి నూటికి 2 పొగ లేనివి ఉండాలని నియమం పెట్టింది. తరువాత ఆ నియమం సడలింది. లీజుకిచ్చిన ఈవీ1లను కంపెనీ వాపసు తీసుకొని చాలావాటిని నుజ్జు చేసింది.

జపాన్‌కు కావలసిన చమురు దాదాపు అంతా బయటినుంచే రావాలి. అక్కడ టొయోటా 1993లో మొదలుపెట్టిన పనికి తాకెషి ఉచియమాద అనే ఇంజనీరు నాయకత్వం వహించాడు. 1997 డిసెంబరులో ప్రియస్ వచ్చింది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని బ్యాటరీలో దాచుకోవడం దాని గొప్ప. కానీ అదే టొయోటా 1999లో అమెరికాలో టండ్రా అనే పెద్ద పికప్ అమ్మడం మొదలుపెట్టి, 2000లో అక్కడికే ప్రియస్‌ను పంపింది.

2008 జూలైలో బ్యారెల్ చమురు 147 డాలర్లు తాకింది. పెద్ద బండ్లు కొనేవాళ్ళు తగ్గిపోయారు. 2009 జూన్‌లో జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకెక్కింది. 2010లో హమ్మర్‌ను ఆపి, ఆ డిసెంబరులోనే ప్లగ్గులో పెట్టి ఛార్జి చేసే షెవర్లే వోల్ట్ అమ్మింది. కాబట్టి రెండో రకం బండి కంపెనీకి ఒక రకం ఇన్సూరెన్సు. చమురు ధర ఎప్పుడు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు కదా.

మన దేశంలో కూడా 2017 నుంచి ఒక్కో కంపెనీ కార్ల సగటు పొగకు హద్దు ఉంది. 2022లో దాన్ని ఇంకా బిగించారు. ఇక్కడా లెక్క సగటుదే.

ఇదంతా చెప్తే నాయన కొంచెం సేపు ఆలోచించి, "అంటే హైబ్రిడ్ కొన్నాయన మిగిల్చిందాన్ని పెద్ద బండాయన తాగుతున్నాడన్నమాట" అన్నాడు. అది సగం నిజమే అనిపించింది. మిగతా సగం ఏమంటే, 1975 చట్టం తరువాత పదేళ్ళలో అమెరికా కొత్త కార్ల సగటు మైలేజి దాదాపు రెట్టింపయింది. చట్టం పని చేసింది. సందు ఉన్నచోట మాత్రం కారిపోయింది. కంపెనీకి మంచీ చెడూ కన్నా లాభం, చట్టం, చమురు ధర ముఖ్యమని నాకు అర్థమైంది. ఆ మూడింటిలో చట్టం ఒక్కటే మనం ఓటు వేసి మార్చగలిగేది.

ఆ రోజు హైక్రాస్‌లో నారింజ రంగు వైర్లను నాయన ముట్టుకోలేదు. వాటిలో ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది. టైరు మాత్రం మార్చి పంపించాడు. ఇప్పుడు ఆ పని నేర్పే చోటు కోసం విచారిస్తున్నాడు. రెండు రకాల బండ్లూ ఇంకా చాలా ఏళ్ళు షెడ్డుకు వస్తాయని చరిత్ర చెప్తోంది, రెండూ నేర్చుకోక తప్పదు.

— పదవ తరగతి విద్యార్థి, హోసూరు