రెండు అబర్డీన్‌లు, ఒక నీటి పద్దు

అబర్డీన్ బజార్‌లో గడియార స్తంభం చుట్టూ ఉన్న దుకాణాల వెనక, మేడల మీద, ఇంటింటి గుమ్మాల పక్కన నల్లని నీటి ట్యాంకులూ ప్లాస్టిక్ డ్రమ్ములూ కనిపిస్తాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఊరు అది. అయినా జనవరి దాటిందంటే కుళాయి రెండు మూడు రోజులకొకసారి తెరుచుకోవడం అక్కడివారికి అలవాటే. దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష అని 2011 జనగణన చెబుతోంది. కనుక ఆ డ్రమ్ముల్లో కొన్ని విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి ఓడ దిగి వచ్చిన కుటుంబాలవి.

ఈ కొరత కొత్తది కాదు. 1858లో ఖైదీలతో వచ్చిన ఆంగ్లేయులు మొదట చాథం దీవిలో దిగారు. మంచినీరు చాలక పక్కనున్న రాస్ దీవికి తరలిపోయారు. ఊరి నడిమి దిల్తమాన్ చెరువు తరతరాల దాహం తీర్చింది. చివరకు 1973లో ధనిఖారి ఆనకట్ట వచ్చింది. నేటికీ ఊరికి ప్రధాన ఆధారం అదే. 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది కానీ నీటి ఆధారం మారలేదు. కొండల మీద కురిసిన వానను పట్టి ఉంచే మరో పెద్ద జలాశయం లేకపోవడమే కొరతకు మూలం. అది ప్రకృతి లోపం కాదు, పెట్టుబడి లోపం.

బజారుకు పేరిచ్చిన అసలు అబర్డీన్ స్కాట్లండ్‌లో ఉంది. డీ నది నీటిని ఆ నగరానికి చేర్చే పథకాన్ని 1866 అక్టోబరులో విక్టోరియా రాణి స్వయంగా ప్రారంభించారు. డబ్బూ యాజమాన్యమూ ప్రజలవే. ఆ నగరంలో నీరు ఇప్పటికీ ప్రభుత్వ రంగంలోనే ఉంది. సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోకి వెళితే కథ వేరు. 1989లో థాచర్ ప్రభుత్వం ఇంగ్లండ్, వేల్స్‌లలోని పది నీటి సంస్థలను వాటాల రూపంలో అమ్మేసింది. అమ్మే ముందు సుమారు 500 కోట్ల పౌండ్ల పాత అప్పును మాఫీ చేసి, పైగా కొంత సొమ్ము చేతికిచ్చి సాగనంపింది. అప్పు లేని ఇల్లు అల్లుడికి రాసిచ్చి, మీద కట్నం కూడా పెట్టినట్టన్నమాట. విచిత్రమేమంటే హైదరాబాద్ జలమండలి చట్టబద్ధ సంస్థగా రూపుదిద్దుకున్నదీ అదే ఏడాది. కానీ దానికి వాటాదారులు లేరు.

వాటాదారులున్న నీటి సంస్థను అర్థం చేసుకోవాలంటే లాభనష్టాల పట్టిక చాలదు, ఫ్రీ క్యాష్ ఫ్లో చూడాలి. బిల్లుల వల్ల వచ్చిన నగదులోంచి నిర్వహణ ఖర్చు, వడ్డీ, పన్ను పోగా, పైపులు మార్చడానికీ, శుద్ధి కేంద్రాలు కట్టడానికీ పెట్టిన సొమ్ము కూడా తీసేస్తే మిగిలేది అదే. ఉదాహరణకు నిర్వహణ, వడ్డీ, పన్ను పోగా ఒక సంస్థ చేతిలో 100 రూపాయలు మిగిలి, నిర్మాణాలకు 90 ఖర్చయితే ఫ్రీ క్యాష్ ఫ్లో 10 రూపాయలు. నిర్మాణ వ్యయాన్ని అనేక ఏళ్ల మీద పంచి, ఈ ఏడాది తరుగుదలగా 60 మాత్రమే రాసుకుంటే, లెక్కల పుస్తకంలో లాభం 40గా కనిపిస్తుంది. సంస్థ ఆ 40నీ డివిడెండ్‌గా పంచితే చట్టం దృష్టిలో తప్పు లేదు. కానీ పెట్టెలో ఉన్నది 10 మాత్రమే. తక్కిన 30 అప్పు తెచ్చి పంచినదే. ఆ అప్పుకు వడ్డీ కట్టేది మాత్రం నీటి బిల్లు.

ఇంగ్లండ్‌లో మూడు దశాబ్దాల పాటు జరిగింది ఇంచుమించు ఇదే. 1991 నుంచి 2019 వరకు ఈ కంపెనీలు పంచిన డివిడెండ్లు 5,700 కోట్ల పౌండ్లని గ్రీనిచ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు డేవిడ్ హాల్ బృందం లెక్కగట్టింది. పెట్టుబడి వ్యయం 12,300 కోట్లు. అప్పు లేకుండా మొదలైన సంస్థల మీద అప్పటికి పేరుకున్న అప్పు 4,800 కోట్లు. అప్పు తీసేసి చూస్తే డివిడెండ్లకు మిగిలేది అతి స్వల్పం. బిల్లులే నిర్మాణాలను మోశాయి. అప్పేమో డివిడెండ్లను మోసింది.

లండన్‌కు నీరిచ్చే థేమ్స్ వాటర్ ఇందుకు నిలువెత్తు ఉదాహరణ. 2006లో మెక్వారీ నాయకత్వంలోని పెట్టుబడిదారులు దాన్ని కొన్నారు. 2017లో మెక్వారీ పూర్తిగా తప్పుకునే నాటికి అప్పు సుమారు 340 కోట్ల పౌండ్ల నుంచి 1,080 కోట్లకు పెరిగింది. ఆ వ్యవధిలో డివిడెండ్లుగా బయటికి వెళ్లింది దాదాపు 270 కోట్లు. ఆ తర్వాతా మాతృ సంస్థకు డివిడెండ్లు ఆగలేదు. 2023 అక్టోబరులో 3.75 కోట్లు, 2024 మార్చిలో 13.13 కోట్ల పౌండ్లు పైకి వెళ్లాయి. అదే 2024 మార్చిలో, ఇస్తామన్న 50 కోట్ల పౌండ్ల కొత్త పెట్టుబడి ఇవ్వలేమని వాటాదారులు చేతులెత్తేశారు. 2025 మే నెలలో నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ 12.27 కోట్ల పౌండ్ల జరిమానా విధించింది. అందులో 1.82 కోట్లు కేవలం డివిడెండ్ నియమాల ఉల్లంఘనకే. ముప్ఫై అయిదేళ్ల ఆలస్యం అని ఎవరైనా అంటే కాదనలేం.

కంపెనీల వాదనను పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. యాభై ఏళ్లు నిలిచే పైపుకు ఈనాటి వినియోగదారుడే మొత్తం ఖర్చు ఎందుకు భరించాలి, అప్పు తెచ్చి తరతరాలకు పంచడమే సబబు కదా అంటాయి. నిజమే. ఆనకట్ట కడుతున్న ఏడాది ఫ్రీ క్యాష్ ఫ్లో మైనస్‌లోకి జారితే అది దోషం కాదు. కానీ అలాంటి ఏడాదుల్లోనూ డివిడెండ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఆ వాదన జవాబివ్వని ప్రశ్న.

స్కాట్లండ్ ఈ బాటలో నడవలేదు. 1994 మార్చిలో స్ట్రాత్‌క్లైడ్ ప్రాంతీయ మండలి తపాలా ద్వారా ప్రజాభిప్రాయం సేకరిస్తే, ఓటు వేసినవారిలో 97 శాతం ప్రైవేటీకరణ వద్దన్నారు. లండన్ ప్రభుత్వం వెనక్కు తగ్గింది. 2002లో ఏర్పడిన స్కాటిష్ వాటర్ ప్రభుత్వ సంస్థ. డివిడెండ్ ఇవ్వదు, అప్పు ప్రభుత్వం నుంచే తెచ్చుకుంటుంది. నదుల్లోకి మురుగు వదులుతోందన్న ఫిర్యాదులు దాని మీదా ఉన్నాయి. కానీ మిగిలిన నగదు ఎటు పోయిందన్న ప్రశ్న అక్కడ తలెత్తదు.

దీవుల్లోని అబర్డీన్‌లో డివిడెండూ లేదు, మిగులూ లేదు. ఆనకట్ట నుంచి నీరు తెచ్చేది ప్రజా పనుల శాఖ, ఊళ్లో పంచేది పురపాలక మండలి. లోటును ఢిల్లీ నుంచి వచ్చే నిధులు పూడుస్తాయి. వాటాదారు లేడు కనుక దోపిడీ లేదని సరిపెట్టుకోవచ్చు. అయితే చేయని పెట్టుబడికీ ఒక పద్దు ఉంటుంది. అది ఏ బ్యాలన్స్ షీట్‌లోనూ కనిపించదు. ఇంటింటా కొన్న డ్రమ్ముల్లో, ట్యాంకర్‌కు చెల్లించిన రూపాయల్లో, తెల్లవారుజామున కుళాయి దగ్గర ఆడవాళ్లు పోగొట్టుకున్న నిద్రలో కనిపిస్తుంది. రట్లాండ్ దీవి నుంచి సముద్రం అడుగున పైపు వేసి నీరు తెస్తామన్న ప్రతిపాదన ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. ఖజానాకు ఖర్చు తగ్గినట్టు కనిపించే ప్రతి ఏడాదీ, ఆ ఖర్చు ఇళ్ల మీద పడిందనే అర్థం.

ఈ లెక్క తేలకుండా సంస్కరణ మాట ఎత్తితే ప్రమాదం. కేంద్రపాలిత ప్రాంతాల విద్యుత్ పంపిణీని ప్రైవేటు చేతికిస్తామని 2020 మే నెలలో కేంద్రం ప్రకటించింది. దాద్రా నగర్ హవేలీ, దమన్ దీవ్‌లలో 2022లో, చండీగఢ్‌లో 2025లో అది జరిగిపోయింది. రేపు నీటి వంతు వస్తే నిర్ణయం ఎక్కడ జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అండమాన్ నికోబార్ దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఒకే ఒక్క స్థానం ఉంది. స్ట్రాత్‌క్లైడ్ ఓటర్లకు ఇంటికే బ్యాలెట్ పంపిన మండలి లాంటిది అబర్డీన్ బజార్‌కు ఉన్నదల్లా పురపాలక మండలి ఒక్కటే. ధనిఖారి ఆనకట్ట దాని చేతిలో లేదు.