సాలిహుండం మీదుగా నేపుల్స్



మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది. వచ్చే ఆశ్వయుజంలో నన్నూ, మా ఇంటావిడనూ అక్కడికి పిలిపించుకొని, ఆ వెళ్ళడంలోనే నాలుగు రోజులు ఇటలీ దక్షిణ తీరం చూపించాలని దాని సంకల్పం. "నాన్నగారూ, ఏ రోజు ఏ ఊరు చూడాలో మీరే నిర్ణయించండి. వీసా దరఖాస్తుకు ఆ పట్టిక కూడా జతచేయాలి" అని ఫోనులో పని అప్పగించింది. ముప్పై మూడేళ్ళు బడిలో పాఠ్యప్రణాళికలు రాసినవాణ్ణి. నాలుగు గడుల పట్టిక నాకొక లెక్కా అనుకొని రూళ్ళకర్ర పట్టుకు కూర్చున్నాను. నెల దాటింది. ఇటలీ పట్టిక పూర్తయింది గాని, దానికంటె ముందు తిరగవలసిన మరొక పట్టిక పుట్టుకొచ్చింది. అదెలా జరిగిందో విన్నవించడానికే ఈ టపా.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి.

మాది పొందూరు. తరగతిలో నూలు ప్రసక్తి వచ్చినప్పుడల్లా నేను పిల్లలకు ఒక మాట చెప్పేవాణ్ణి. "మన ఊరి సన్నబట్టను ఒకప్పుడు రోము రాణులు కట్టుకునేవారర్రా! చీర మొత్తం ఉంగరంలోంచి దూరిపోయేది!" పిల్లలు కళ్ళింత చేసుకొని వినేవారు. నాకు ఆ మాట మా గురువుగారు చెప్పారు. ఆయనకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. నన్ను నా పిల్లలూ అడగలేదు. అడగని మాట తరాలు దాటి నిజమై కూర్చుంటుంది. ఇప్పుడు రోము దేశానికే వెళ్తున్నాం కదా, ఆ నూలుపోగు రెండవ కొస అక్కడ దొరకకపోతుందా అన్న ఆశతోనే పట్టిక మొదలుపెట్టాను.

మా ఊరి బట్ట గొప్పతనానికి రాణుల సాక్ష్యం అవసరం లేదు. కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి అని ఇక్కడి నేలలో పండే పత్తులున్నాయి. గింజ తీయకముందే ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నని ఆ పళ్ళ వరుస మధ్య నుండి పోగులు వెంట్రుకల్లా సాగి, చెత్త విడిపోతుంది. ఏకులు చెదరకుండా, మాయకుండా అరటి డొప్పలో దాచుకుంటారు. ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు నూలు తీసే చేతులు ఇక్కడివి. ఈ బట్టను చూసి విస్తుపోయిన గాంధీజీ, దీని తయారీ తెలుసుకు రమ్మని తన కుమారుడు దేవదాసును ఇక్కడికి పంపారన్నది ప్రసిద్ధం. 1949లో ఏర్పడిన ఖాదీ కార్మికుల సంఘం పేరులోనే 'ఫైన్' అన్న మాట చేరింది. మా అమ్మ కూడా వడికేది. వేసవి మధ్యాహ్నాల్లో కదురు గుంయ్యిమనే చప్పుడు మా ఇంటి గోడలకు తెలుసు. ఇంత ఉండగా రోమును ఎందుకు తగిలించుకున్నామో తెలియదు.

ఇక పట్టిక. మొదటి గడిలో నేపుల్స్ పురావస్తు ప్రదర్శనశాల అని రాశాను. అక్కడ ఒక దంతపు బొమ్మ ఉంది. జానెడు ఎత్తున్న స్త్రీమూర్తి. మెడ నిండా హారాలు, చేతుల నిండా కడియాలు, చెరొక పక్క ఒక్కో చిన్న పరిచారిక. 1938లో పాంపే నగర శిథిలాల్లో దొరికింది. అగ్నిపర్వతం ఆ నగరాన్ని క్రీ.శ. 79లో కప్పివేసింది గనుక, బొమ్మ అంతకు ముందే భారతదేశం నుండి అక్కడికి చేరి ఉండాలి. మొదట లక్ష్మీదేవి అన్నారు. యక్షి అనడమే తగునని తరువాతివారు. ఇది మన కళింగ ఏనుగు దంతమే అయి ఉంటుందని నా మనసు ఉరకలు వేసింది. చదువుతూ పోతే తేలిందేమంటే, ఇటువంటి బొమ్మలు మహారాష్ట్రలోని భోకర్దన్, తేర్ అన్న చోట్ల తవ్వకాల్లో దొరికాయి. పీఠం అడుగున చెక్కిన అక్షరం ఖరోష్ఠి లిపిలో ఉంది. అది వాయవ్య భారతపు లిపి. మన తీరానికి తగిన ఆనవాలు ఒక్కటీ లేదు. మొదటి గడిలోనే నాకు చుక్కెదురైంది.

రెండవ గడి పొజ్జువోలి. నేపుల్స్ పక్కనే ఉన్న ఈ రేవును రోమన్లు పుతియోలి అనేవారు. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుండి ధాన్యపు ఓడలు ఇక్కడికే వచ్చేవి. మన మిరియాలూ, ముత్యాలూ, బట్టలూ ఎర్రసముద్రం దాటి, ఈజిప్టు ఎడారిని ఒంటెల మీద దాటి, నైలునది పడవల్లో అలెగ్జాండ్రియా చేరి, అక్కడి నుండి మళ్ళీ ఓడెక్కి ఈ రేవుకు వచ్చేవి. మరి ఏ తీరం నుండి ఏ సరుకు? దానికి క్రీస్తు శకం మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికవర్తకుడు రాసుకున్న 'ఎర్రసముద్రపు పెరిప్లస్' ఉంది. మన తూర్పు తీరం దగ్గరికి వచ్చేసరికి అతడు, మసాలియా అన్న దేశంలో సన్నబట్టలు విరివిగా నేస్తారన్నాడు. ఎగిరి గంతేశాను. కాని మసాలియా అంటే కృష్ణా ముఖద్వారం చుట్టుపట్ల ప్రాంతం, బందరు వైపు. అది దాటి పైకి వస్తే దొసరేన్ అన్న దేశం. అదే కళింగ, ఒడిశా తీరమని పండితుల అభిప్రాయం. అక్కడి సరుకుగా అతడు చెప్పింది ఏనుగు దంతాన్ని. బట్ట మాట ఎత్తలేదు.

అంటే మా ఊరి బట్ట రోము వెళ్ళలేదని దీనివల్ల రుజువు కాదు. వెళ్ళిందనడానికి మాత్రం ఆధారం లేదు. ఉంగరంలో దూరే చీర మాట ఢాకా మస్లినుకు చెప్పుకునేది. దాన్నీ ఎవరో మనకు అతికించారు. ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆవిడ పూనీలు సర్దుకుంటూ, "రాణులు కట్టకపోతే ఏమైందండీ, మీ అమ్మగారు కట్టారు కదా" అంది. నాకు బదులు తోచలేదు.

మూడవ గడి పాంపే, దాని పొరుగున స్టాబియే. ఈ స్టాబియే తీరాన క్రీ.శ. 79 నాటి విస్ఫోటనంలోనే ప్లినీ అనే పెద్దమనిషి మరణించాడు. అతడు మిసేనం రేవులో నౌకాదళాధిపతి. అంతకు మించి 37 సంపుటాల విజ్ఞానసర్వస్వం కూర్చినవాడు. కొండ నిప్పులు కక్కుతుంటే, చూడాలన్న కుతూహలంతోనూ, ఒడ్డున చిక్కుకున్నవారిని తేవాలనీ ఓడలు నడిపించుకు వెళ్ళి, మరి తిరిగి రాలేదు. భారతదేశపు సరుకుల కోసం ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు తగలేస్తున్నామని వాపోయినవాడు ఇతడే. ఆ గ్రంథంలోనే కళింగుల పేరు ఉంది. వారు సముద్రానికి అతి చేరువగా ఉండేవారట. వారి తీరాన దండగుడ అనే పట్టణమట. అది బౌద్ధ గ్రంథాల్లోని దంతపురమని కొందరి ఊహ. ఆ దంతపురం మన ఆమదాలవలస దగ్గరి దంతవరపుకోట అని ఇంకొందరి ఊహ. ఊహ మీద ఊహ కట్టిన మేడ గనుక నేను ఎక్కను. కాని ఒక్క సంగతి నిలుస్తుంది: నేపుల్స్ అఖాతం ఒడ్డున ప్రాణం విడిచిన మనిషి, తన కంటితో ఎన్నడూ చూడని కళింగ తీరం పేరు రాసిపెట్టుకున్నాడు. అతడికంటె సుమారు డెబ్బై యేళ్ళ తరువాత టాలెమీ, సువర్ణభూమికి పోయే ఓడలు ఒడ్డు విడిచి నడిసముద్రంలోకి తిరిగే చోటు ఒకటి మన తూర్పు తీరాన ఉందని గుర్తించాడు.

నాలుగవ గడి అమాల్ఫీ. బొమ్మల్లో చూస్తే కొండకు వేలాడే ఇళ్ళు, కింద నీలిసముద్రం. వెయ్యేళ్ళ క్రితం స్వతంత్రంగా ఓడలు నడిపిన వర్తకనగరం. 1343లో వచ్చిన సముద్రోత్పాతం దిగువ పట్టణాన్ని మింగేసింది. ఇప్పుడు యాత్రికుల రాకతో బతుకుతోంది. ఇక్కడ అన్నీ మెట్లేనట. నా మోకాళ్ళను చూసిన డాక్టరుగారు "ఎక్కే మెట్లు లెక్కపెట్టి ఖర్చు చేయండి" అన్నారు. ఆ మాట గుర్తొచ్చి కలం ఆగింది.

రేవు పోయి పేరు మిగిలిన ఊరు చూడాలంటే అమాల్ఫీ దాకా ఎందుకు? వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది. పంతొమ్మిదవ శతాబ్దిలో ఓడలు ఆగి సరుకులెత్తిన రేవు. 1890ల దశకంలో తూర్పు తీరపు రైలుమార్గం పడింది. 1933లో విశాఖ నౌకాశ్రయం తెరుచుకుంది. ఇటువంటి చిన్న రేవుల అవసరం తీరిపోయింది. దీపస్తంభం మాత్రం నిలిచింది. అక్కడికి నేను బడిపిల్లలతో విహారయాత్రకు నాలుగైదుసార్లు వెళ్ళాను. ఇసుకలో పులిహోర తిని వచ్చాము. దారిలో కుడిచేతి వైపో ఎడమచేతి వైపో ఉన్న సాలిహుండం కొండ ఒక్కసారీ ఎక్కలేదు. ఏ వైపున ఉందో రాయడానికి ఇప్పుడు పటం చూడవలసి వచ్చిందంటే నా సిగ్గు మీరే ఊహించండి.

సాలిహుండం వంశధార దక్షిణపు గట్టున ఉంది. శాలివాటిక అన్న మాటే అలా మారిందని పెద్దలంటారు; శాలి అంటే వరి. కొండ మీద ఇటుకల స్తూపాలు, గజపృష్ఠాకార చైత్యగృహాలు, అక్షరాలు గీసిన కుండపెంకులు బయటపడ్డాయి. క్రీస్తు శకానికి అటూ ఇటూ మొదలైన ఈ క్షేత్రం, తార, మారీచి వంటి దేవతలను కొలిచిన వజ్రయాన కాలం దాకా బతికింది. సముద్రం మీద వచ్చేవారికీ పోయేవారికీ కొండ కనుచూపులో ఉండేది.

ఇక్కడ నాకు మూడవ పాఠం దొరికింది. సాలిహుండంలో దొరికినవాటిలో ఒక తరహా పళ్ళెపు పెంకులున్నాయి. నునుపైన మట్టిపళ్ళెం, లోపల అడుగున చుట్లు చుట్లుగా సన్నని గాట్లు. 1945లో అరికమేడు తవ్విన వీలర్ ఇటువంటివాటిని మధ్యధరా ప్రాంతపు సరుకన్నాడు. చాలాకాలం పుస్తకాలన్నీ అదే మాట. తరువాత మట్టిని పరీక్షిస్తే అవి భారతదేశంలోనే చేసినవని తేలింది. రోము అనుకున్నది మనదైంది. మనదనుకున్న దంతపుబొమ్మ పరాయి ప్రాంతానిదైంది. చరిత్ర మన ముచ్చట కోసం ఆగదు.

ఈ కొండను 1919లో విద్యాలోకానికి చూపించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు. ఆయన పుట్టిన పర్వతాలపేట ఇదే వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గరిది. నేను గ్రాంథిక సంప్రదాయంలో చదువుకున్న తెలుగు పండితుణ్ణి. గిడుగువారిని వ్యావహారిక భాషావాదిగానే పాఠం చెప్పాను. ఆగస్టు 29న ఏటా దండ వేశాను. కాని ఆయన ముఖలింగం గుడి గోడల ముందు నిలబడి, ప్రాచీన లిపిని తనంత తాను నేర్చుకొని, గాంగరాజుల శాసనాలు చదివిన సంగతి ఒక వాక్యంతో దాటవేసేవాణ్ణి. గాంగుల కళింగనగరం ఏదన్న ప్రశ్న వచ్చినప్పుడు, పేరులో పోలిక చూసి కళింగపట్నమే అన్నవారుండేవారు. అది చెవికి ఇంపైన సమాధానం. గిడుగువారు శాసనాలు ముందు పెట్టి, కాదు, ముఖలింగమన్నారు. నేడు ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకొనేది అదే. ఆయన రాతిని చదివి మాట్లాడారు. నేను ఆయన పాఠం చెబుతూనే, చదవని రోము రాణుల కథ చెప్పాను.

మా వీధి చివర ఆటో నడిపే అబ్బాయి నా పాత శిష్యుడు. సాలిహుండం ఎంత దూరమని అడిగితే నవ్వి, "సాలిహుండం ఎల్లడానికి ఇంత ఆలోసన ఏటి మాస్టారూ? రేపొద్దున్న ఎలిపోదాం, సాయంత్రానికి దించేస్తాను" అన్నాడు. అరవై యేళ్ళు పైబడిన జీవితంలో ఆ 'రేపొద్దున్న' రాలేదన్నమాట.

అందుచేత రెండవ పట్టిక ఇలా తయారైంది. మొదటి రోజు సాలిహుండం, కళింగపట్నం. పొద్దున్నే ఎండ ముదరకముందు కొండ, సాయంత్రం సముద్రం. రెండవ రోజు అరసవల్లి, శ్రీకూర్మం. శ్రీకూర్మంలో దర్శనం ముగించుకొని వచ్చేయక, మండపస్తంభాల మీది శాసనాల్లో తెలుగు లిపిలో ఉన్నవి ఎన్ని కూడబలుక్కోగలనో చూడాలి. మూడవ రోజు ముఖలింగం, పర్వతాలపేట. మోకాళ్ళలో మిగిలిన మెట్లను ముందు ఈ కొండకు ఖర్చు చేస్తాను, మిగిలితే అమాల్ఫీకి. అమ్మాయికి ఫోనులో చెబితే కాసేపు మాట్లాడలేదు. ఆనక, "అయితే నేను డిసెంబరులో వచ్చినప్పుడు నాకూ చూపించండి నాన్నగారూ, నేనూ ఎక్కలేదు" అంది.

నేపుల్స్ ప్రయాణం మానుకోలేదు. పొందూరు పంచె కట్టుకొనే ఆ దంతపుబొమ్మ ముందు నిలబడతాను. ఎవరైనా అడిగితే ఈ బట్ట మీ రాణులు కట్టారని చెప్పను. చేప దవడతో పత్తి దువ్వి మా ఊరివాళ్ళు నేసినదని చెబుతాను. వచ్చే నెల మా బడిలో పూర్వవిద్యార్థుల కలయిక ఉంది. రాణుల కథ నా నోట విన్నవాళ్ళు అందులో చాలామంది ఉంటారు. దిద్దుబాటు అక్కడ చెప్పాలని నిర్ణయించుకున్నాను. తలుచుకుంటే ఇప్పటి నుంచే నాలుక తడారిపోతోంది.

మిత్రుల్లో ఎవరైనా ఆ ఇటలీ తీరం చూసివుంటే, మెట్లు తక్కువైన దారి చెప్పి పుణ్యం కట్టుకోండి. సాలిహుండం ఎక్కినవారుంటే, కొండ మీద నీడ ఎంతవరకు ఉంటుందో, ఏ వేళకు వెళ్ళడం మంచిదో కూడా తెలియజేయగలరు.