వలసవాని ముక్కు: ఒక అరుదైన వ్యాధి చరిత్ర



గోదావరి సముద్రమున గలయు ప్రాంతమున కోరంగి యను గ్రామము గలదు. ఒకప్పు డది పేరుగన్న ఓడరేవు. 19వ శతాబ్దమున మనవారు వేలకొలదిగా బర్మాకు కూలికి పోవగా, అచ్చటివారు ఆ రేవు పేరనే తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచిరి. నేడు కోనసీమవారు కువైటునకును దుబాయికిని పోవుచున్నారు. వలసపోవువాడు మూటలో గట్టుకొనునవి తానెఱుగును. దేహమున కొనిపోవు రోగము నెఱుగడు. అట్టి రోగములలో మిక్కిలి అరుదైనది రైనోస్క్లిరోమా, అనగా ముక్కు గట్టిపడు వ్యాధి.

దీనిని 1870లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా మొదట వర్ణించెను. ముక్కు ఱాయివలె నుండుట జూచి, అది యొక వింత కంతి యని తలచెను. 1877లో మికులిజ్ అను శస్త్రవైద్యుడు సూక్ష్మదర్శినితో పరీక్షించి, అది కంతి కాదనియు, దీర్ఘకాలపు వాపనియు తేల్చెను. 1882లో ఆంటన్ ఫాన్ ఫ్రిష్ దానికి మూలమగు సూక్ష్మజీవిని కనుగొనెను. కాని తగిన మందు దొరకుటకు మఱి అరువదేండ్లు పట్టినది. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువఱకు కోయుట ముఖ్య చికిత్సలలో నొకటి. కోసినను తఱచుగా మరల పెరుగుచుండెను.

ఈ వ్యాధి మొదట విడువని పడిశమువలె వచ్చును. ముక్కున పక్కులు గట్టి దుర్గంధము పుట్టును. పిదప లోపల కండ పెరిగి ముక్కు వెడల్పగును. కడపట మచ్చగట్టి బిగిసిపోవును. కొందఱికి గొంతువఱకు ప్రాకి ఊపిరి కడ్డుపడును. ఏండ్లకొలది అంతగా నొప్పి లేకయే సాగుటచే రోగి అశ్రద్ధ చేయును.

ఈజిప్టు, తూర్పు ఐరోపా, మధ్య అమెరికాలయందును, మన దేశమునందును ఇది యున్నది. పశ్చిమ ఐరోపాలోను, అమెరికా సంయుక్త రాష్ట్రములలోను చాలవఱకు వలసవచ్చినవారియందే కానవచ్చును. అచ్చటి వైద్యు లనేకులు దీనిని చూచి యెఱుగరు. పుట్టకురుపనియో, సవాయి యనియో, కుష్ఠువనియో పొరబడుట గలదు. ఇది వలసవాని దోషము కాదు. ఇరుకు గదులలో పలువురు చిరకాలము కలసియుండుటయు, పోషణలోపమును దీనికి చోటిచ్చును. ఒక్కమాఱు తాకినంతనే అంటునది కాదు.

కావున దూరమునుండి వచ్చిన బిడ్డకు నెలలతరబడి పడిశము విడువక ముక్కు గట్టిపడినచో, పెద్దరోగమని వెలివేయవలదు. కుష్ఠువే యైనను నేడు మందులకు లొంగునదే గదా! చెవి, ముక్కు, గొంతు వైద్యుని కడకు పంపుడు. చిన్న కండముక్కను తీసి పరీక్షించినచో నిజము తేలును. మందు నెలలతరబడి వాడవలయును. నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టును. రోగికి ఈ ఓర్పును, ఇంటివారికి ధైర్యమును కలిగించుట ఊరిపెద్దల మాటవలననే సులభముగా జరుగును.