శిశుభాషాధ్యయన చరిత్రలో చేష్ట, కాకువు

శిశువు భాషను ఎట్లు గ్రహించునను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మీమాంసకులు శక్తిగ్రహమునకు వృద్ధవ్యవహారమును ప్రధానసాధనముగా చెప్పిరి. పెద్దవాడొకడు ‘ఆవును తెమ్ము’ అనును. మఱియొకడు పోయి తెచ్చును. ప్రక్కనున్న బాలుడు చూచును. పిమ్మట ‘ఆవును కట్టుము, గుఱ్ఱమును తెమ్ము’ అన్నప్పుడు మాఱినదేదో, మాఱనిదేదో పోల్చుకొని పదార్థములను విడదీసికొనును. ఇవియే ఆవాపోద్వాపములు. పాశ్చాత్యదేశమున నాలుగవ శతాబ్ది చివర సెయింట్ అగస్టీన్ తన ‘కన్ఫెషన్స్’ ప్రథమభాగమున దీనికి దగ్గఱి మాటయే చెప్పెను. ముఖవైఖరి, కనుసన్న, అవయవముల కదలిక, కంఠధ్వని సకలజాతులకును సహజభాష యనియు, పెద్దలయందు వానిని గమనించియే తాను మాటల యర్థము తెలిసికొంటి ననియు ఆయన వ్రాసెను. శిశువు చేయు మూలుగులను, చేతి కదలికలను ఆయన పేర్కొనకపోలేదు. కాని అవి చాలనివని చెప్పి విడిచెను. రెండు వాదములును సూక్ష్మములే. అయినను రెండింటను శిశువు ముఖ్యముగా ద్రష్టయే కాని వక్త కాడు.

శిశువును వక్తగా చూచుట దినచర్యలతో మొదలైనది. జర్మనీలో టీడెమన్ 1787లోనే తన కుమారుని గూర్చి అట్టి రచన ప్రకటించెను. 1876లో ఫ్రెంచి పండితుడు టేన్ వ్రాసిన వ్యాసము మఱుసటి యేట ‘మైండ్’ పత్రికలో ఆంగ్లమున వెలువడగా, దానిని చూచి డార్విన్ తాను ముప్పదియేడేండ్ల క్రిందట వ్రాసికొన్న దినచర్యను వెలికి తీసెను. ఆయన కుమారుడు సరిగా ఏడాది వయస్సున ఆహారమునకు ‘మమ్’ అను మాట కల్పించుకొనెను. డార్విన్‌ను ఆకర్షించినది ఆ మాట కాదు, దాని తుదను వినబడిన ప్రశ్నాస్వరము. అద్దములో తన్ను తాను గుర్తించినప్పటి ‘ఆ’ అను ధ్వనికి ఆశ్చర్యస్వరము వేఱుగా నుండెను. పదములకంటె ముందు స్వరమే అర్థవాహకమని చూపిన ఆధారములలో ఇది విలువైనది. తరువాత ప్రయర్ (1882), స్టెర్న్ దంపతులు (1907) గొప్ప గ్రంథములు వెలువరించిరి. అయినను లిపికి లొంగినది పదము. స్వరమును, చేతిని లిపి పట్టలేదు. 1960లలో అమెరికాలో టేపుయంత్రము వచ్చి స్వరమును పట్టినది. చేతి కదలికను మాత్రము అప్పటికిని ప్రక్కన కూర్చున్నవారు వ్రాసికొనవలసియే యుండెను.

1975లో హాలిడే తన కుమారుని భాషను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఒక విశేషము కలదు. ఏడాదిన్నర దాటిన పిమ్మట ఆ బాలుడు ప్రతివచనమునో, వస్తువునో కోరు మాటలను ఆరోహణస్వరముతోను, చూచినదానిని చెప్పు మాటలను అవరోహణస్వరముతోను పలికెను. ఇది పెద్దల ఇంగ్లీషునందలి నియమము కాదు. బాలుడు స్వయముగా ఏర్పఱచుకొన్నది. భరతుని సాకాంక్ష, నిరాకాంక్ష కాకువులు ఇచట మనకు స్ఫురింపక మానవు. కాని భరతుని విభాగము వాక్యార్థము ముగిసినదా లేదా అనుదానిపై నిలిచినది. రెండింటిని ఒకటిగా చెప్పుట తొందరపాటు. 2005లో ఐవర్సన్, గోల్డిన్-మెడో పది మంది శిశువులను పరిశీలించి, పక్షిని వ్రేలితో చూపి ‘నిద్ర’ అనుట వంటి సంయోగములను ముందుగా చేసినవారే రెండుపదముల కూర్పును కూడ ముందుగా చేసిరని తేల్చిరి.

తెలుగున ఈ విషయము మఱింత ఆసక్తికరము. ‘ఇది పిల్లి’ అను వాక్యమున క్రియ లేదు, ఉండనక్కఱలేదు. శిశువు పిల్లిని చూపి ‘పిల్లి’ అన్నప్పుడు వ్రేలే సర్వనామస్థానమున నిలిచి ఉద్దేశ్యమగును. ఇంగ్లీషున క్రియ కొఱవడును; తెలుగున ఏదియు కొఱవడదు. అట్టిదానిని ‘ఏకపదదశ’ యనుట ఎంతవఱకు యుక్తము? తల్లి చెప్పులను చూపి ‘అమ్మ’ అన్నచో లోపించునది సంబంధమును తెలుపు రూపమొక్కటే. అదే శిశువు ‘అమ్మా’ అని దీర్ఘము తీసినచో చిక్కు హెచ్చును. మన ప్రశ్నార్థకమైన ‘ఆ’కారమును, సంబోధనదీర్ఘమును వ్రాతలో ఒక్కటియే. స్వరమెట్లున్నదో, శిశువు అప్పుడు చెప్పులవైపు చూచుచుండెనో, తల్లి ముఖమువైపు చూచుచుండెనో ప్రక్కన వ్రాసియుండినగాని, ఆ పదమును ప్రశ్నలలో చేర్చవలయునో, పిలుపులలో చేర్చవలయునో తెలియదు.